కాటన్ దొర సైనిక విద్య

గోదావరి మండలములలో కాటన్ దొర పేరు వినని బాలుడుండడు. ధవళేశ్వరము మొదలుకొని సముద్రతీరపు పల్లెల వరకు ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహములు నిలిచి ఉన్నవి. పుష్కరస్నానమునకు వచ్చి, తమ పితరులతోపాటు ఆ దొరకు కూడ తిలోదకము విడుచువారు నేటికిని కలరు. ఆయన వృత్తి ఏమని అడిగినచో ఇంజనీరని అందరును చెప్పుదురు. అది సగము మాత్రమే నిజము. ఆర్థర్ కాటన్ 16వ ఏట సైన్యమున ఉద్యోగియై, సైన్యములోనే పెరిగి, జనరల్ హోదాతో కన్ను మూసినవాడు. ఆయన కీర్తిని నిలిపినది నది; ఆ నదిని ఎదుర్కొను నేర్పు ఇచ్చినది సేన. ఈ రెండవ సంగతి తరచు మరుగున పడిపోవుచున్నది.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు 11 మంది కుమారులు. వారిలో ఆర్థర్ పదవవాడు. అంతమంది మగపిల్లలున్న ఇంట ఎవని దారి వాడు వెదకుకొనక తప్పదు. అన్న సిడ్నీ సైన్యమున చేరి పెషావరు సరిహద్దున సేనాధిపతియై పేరు పొందెను. తమ్ముడు ఫ్రెడరిక్ మద్రాసు రాజధానిలో ఇంజనీరు అయ్యెను. ఆర్థర్ 15వ ఏట, అనగా 1818లో, అడిస్కోంబ్ అను చోట ఈస్టిండియా కంపెనీవారు నడుపుచుండిన సైనిక విద్యాలయమున ప్రవేశించెను. ఆ కంపెనీకి కావలసినవారు రెండు తెగలు: దేశములను గెలుచువారు, గెలిచిన దేశములను కొలుచువారు. గణితము, కోటల నిర్మాణము, చిత్రలేఖనము, భూమిని కొలుచుట అచ్చటి ముఖ్యమైన చదువులు. 1819లో ఆయన మద్రాసు ఇంజనీర్ల దళమునకు సెకండ్ లెఫ్టినెంటుగా ఎన్నికయ్యెను. మన దేశమున ఆ వయసు పిల్లలు నేడు పదవ తరగతి పరీక్ష వ్రాసి ఫలితములకై ఎదురుచూచుచుందురు.

ఇండియాకు పంపుటకు ముందు, 1820లో, ఆయనను వేల్సు ప్రాంతమున జరుగుచుండిన సైనిక సర్వేలో నియమించిరి. ఇది చిన్న ఉద్యోగమే. కాని ఆయన జీవితమున దీనిని చిన్న ఘట్టముగా దాటిపోరాదు. పటము గీయుటకు ముందు గొలుసు పట్టుకొని కొండలెక్కవలెను. వానకు చలికి వెరవక కొలతలు వ్రాసికొనవలెను. నేడు వ్రాసినదానిని రేపు మరల సరిచూడవలెను. పటములో ఒక గీత తప్పినచో ఆ గీతను నమ్మి నడచు దళమంతయు తప్పుదారి పట్టును. అట్టి పనిలో ఊహకు చోటులేదు. తరువాతి కాలమున ఎవరెన్ని వాదములు చేసినను, తాను స్వయముగా తిరిగి కొలిచి చూడని నేలను గూర్చి వచ్చిన వాదమును కాటన్ అంత తేలికగా ఒప్పుకొనెడివాడు కాడు. ఆ అలవాటునకు బీజము వేల్సు కొండలలో పడెను.

1821లో మద్రాసునకు వచ్చినవాడు చీఫ్ ఇంజనీరు కచ్చేరిలో కొంతకాలముండి, 1822లో దక్షిణ జిల్లాల చెరువుల శాఖకు మారెను. కోయంబత్తూరు, మధుర, తిరునెల్వేలి, తిరుచిరాపల్లి, తంజావూరు సీమలందు గుర్రముపై తిరిగి చెరువులను, కాలువలను పరీక్షించుట ఆయన విధి. ఓడలు పోవుటకు దారి చేయవచ్చునేమోయని పాంబన్ జలసంధిని కొలిచినదియు ఆ రోజులలోనే. ఇట్లు నీటితో పరిచయము కలుగుచుండగా యుద్ధము వచ్చెను.

1824లో కంపెనీకిని బర్మా రాజునకును యుద్ధము ప్రారంభమయ్యెను. కాటన్ ఇంజనీరు అధికారిగా ఆ యుద్ధమునకు వెడలెను. మే నెలలో కంపెనీ సేనలు సముద్రముమీదుగా పోయి రంగూను పట్టుకొనెను. పట్టుకొనుట సులభమయ్యెను, నిలిచియుండుట దుర్లభమయ్యెను. ఊరి జనము ఊరు విడిచిపోయిరి. పడవలు దొరకవు, పశువులు దొరకవు, కూరగాయ దొరకదు. అంతలో వర్షాకాలము వచ్చి ఐరావతీ నది డెల్టా అంతయు నీటిమయమయ్యెను. ముందుకు పోవుటకు దారి లేదు. జ్వరములు, రక్తవిరేచనములు సేనను తినివేసెను. ఆ యుద్ధమునకు పంపబడిన సుమారు 40,000 మందిలో 15,000 మంది మరణించిరని చరిత్రకారుల లెక్క. వారిలో ఎక్కువమంది శత్రువు దెబ్బకు పడినవారు కారు, వ్యాధులకు పడినవారు. వారిలో మద్రాసు సిపాయిలు పెక్కుమంది. 1826 ఫిబ్రవరిలో యాండబో సంధి జరిగినది. అరకాను, తెనాసెరిం తీరములు కంపెనీవి అయినవి. ఇతరుల దేశమును ఆక్రమించుటకు జరిగిన ఈ యుద్ధమున గర్వింపదగినది ఏమియు లేదు. ఆ సేనలో పనిచేసినవాడను మాట కాటన్ చరిత్రలో దాచవలసినదియు కాదు, పొగడవలసినదియు కాదు.

అయినను ఆ రెండేండ్లు ఆయనకు గురుకులవాసమయ్యెను. యుద్ధమున ఇంజనీరు పని విచిత్రమైనది. చేతిలో ఉన్న మనుష్యులతో, దొరికిన వెదురుతో, దుంగలతో, గడువు దాటక ముందే దారి వేయవలెను, తెప్ప కట్టవలెను, శత్రువు కట్టిన కఱ్ఱకోటలో బలహీనమైన చోటు కనిపెట్టవలెను. కావలసిన సామగ్రి అంతయు వచ్చిన తరువాత పని మొదలుపెట్టుదునన్నచో యుద్ధము అతనికొరకు ఆగదు. రెండవది, ఋతువు. వానకు ముందు ముగియని పని ముగియని పనియే. మూడవది అన్నిటికంటె పెద్దది: ఐరావతి మీద పడవలు దొరకిన నాడు సేన కదలినది, దొరకని నాడు కూలబడినది. బండిదారి లేని డెల్టాలో నీరే రాజమార్గము. ఇరువది ఏండ్ల తరువాత ఆయన గోదావరి డెల్టాకు కాలువలు గీయునపుడు ప్రతి పెద్ద కాలువను పైరునకే కాక పడవకు కూడ పనికివచ్చునట్లు లాకులతో గీయుటకు కారణములలో బర్మా అనుభవము కూడ ఒకటియని తలచుట తప్పు కాదు.

యుద్ధము నుండి తిరిగి వచ్చిన తరువాత 1828లో కాప్టెనుగా ఆయనకు కావేరి విషయమును విచారించు పని అప్పగించిరి. తిరుచిరాపల్లి ఎగువన కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయయైన కొల్లిడము పల్లమున ఉండుటచే ఏటేటను నీరు ఎక్కువగా దానిలోనికే పోవుచు, తంజావూరును పోషించు కావేరి పాయ ఇసుక మేట వేయుచుండెను. ఎన్ని మరమ్మతులు చేసినను తంజావూరు పొలములు ఎండుచుండెను. కొల్లిడమునకు అడ్డముగా కట్ట కట్టవలెను. కాని నది అడుగున రాయి లేదు, ఎంత త్రవ్వినను ఇసుకయే. పునాది లేక కట్టడమెట్లు?

ఇచ్చట కాటన్ చేసిన పని ఆయన స్వభావమును తెలుపును. యూరపు గ్రంథములను వెదకుటకు మారుగా దిగువనున్న కల్లణై ఆనకట్టను పోయి చూచెను. కరికాల చోళుడు కట్టించినదని ప్రతీతి గల ఆ కట్ట శతాబ్దులుగా ఇసుకమీదనే నిలిచియున్నది. పూర్వులు పెద్ద రాళ్లను ఇసుకలో పడవేసిరి; అవి దిగబడెను; వానిపై మరల రాళ్లు వేసిరి; అవియు కొంత దిగి ఆగెను. దిగువ రాళ్లే పై రాళ్లకు పునాదియైనవి. ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును ఈ దేశపు పనివారి నుండియే నేర్చితిమని కాటన్ తరువాత దాపరికము లేక ఒప్పుకొనెను. గెలిచిన సేనకు చెందిన ఉద్యోగి, ఓడిన దేశమునకు శిష్యుడగుట ఆనాడు సామాన్యమైన విషయము కాదు. 1836 నాటికి కొల్లిడము మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట రెండును లేచెను. తంజావూరు మరల పచ్చబడెను. సర్కారు శిస్తు పెరిగెను. కంపెనీ కచ్చేరులలో ఆయన మాటకు విలువ వచ్చినది ఈ రెండవ కారణముచేతనే అనుట సత్యము.

ఆ దశాబ్దము చివర మద్రాసు దగ్గర ఎర్రకొండల నుండి రోడ్లకు రాయి మోయించుటకు ఆయన ఒక చిన్న ఇనుపదారి వేయించెను. తరువాత ఆరోగ్యము చెడి టాస్మేనియాకు పోయి, 1841లో అచ్చట ఎలిజబెత్ లెర్మంత్ అను ఆమెను వివాహమాడి, కొంతకాలమునకు ఇండియాకు తిరిగివచ్చెను.

అప్పటికి గోదావరి సీమ దుస్థితి వర్ణనాతీతము. నేడు కోనసీమ కొబ్బరితోటలను, తణుకు, భీమవరము చేలను చూచినవారికి నమ్మశక్యము కాదు. 1832-33లో నందన కరువు వచ్చెను. 1839 నవంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడెను. వరద వచ్చిన ఏడు పైరు కొట్టుకొనిపోవును. రాని ఏడు పైరు ఎండిపోవును. అంత నీరు కండ్లయెదుట సముద్రమున కలియుచుండ ఒడ్డున మనుష్యులు ఆకలితో చచ్చుచుండిరి. 1821లో 7 లక్షలకు పైబడి ఉన్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 6 లక్షల లోపునకు దిగజారెను. శిస్తు వసూలు కాకపోగా కంపెనీవారికి మెలకువ వచ్చినది. విచారణకై వచ్చిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఇచ్చిన నివేదికలో నీటిపనులను గూర్చి సమర్థుడైన ఇంజనీరుచేత పరిశీలింపజేయవలెనని కోరెను. ఆ పని కాటన్ పాలబడెను.

ఆయన సైనికుడు శత్రుస్థావరమును పరిశీలించినట్లు డెల్టానంతయు తిరిగి చూచెను. ఏ గట్టు ఎంత ఎత్తు, ఏ పాయ ఎటు వాలు, ఏ లంక వరదకు మునుగును, రాయి ఎచ్చట, సున్నము ఎచ్చట, కలప ఎచ్చటినుండి దిగును: అన్నియు కొలిచి 1844లో ఒకటి, 1845లో ఒకటి నివేదికలు పంపెను. ధవళేశ్వరము దగ్గర నది లంకలచేత నాలుగు పాయలుగా చీలియున్నది. దాని మొత్తము వెడల్పు సుమారు 4 మైళ్లు. లంకలను ఆధారముగా చేసికొని, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా కట్టినచో రాతికట్టడము సుమారు 12,000 అడుగులతో సరిపోవును. గట్టు ప్రక్కనే ధవళేశ్వరము కొండ ఉన్నది. శత్రువు బలమును చీల్చి ఒక్కొక్క భాగమును వేరువేరుగా ఎదుర్కొనుట యుద్ధవిద్యలో మొదటి పాఠము. నదియే చీలియుండగా దానిని అట్లే వినియోగించుకొనెను.

1846 చివర అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమయ్యెను. మొదటి అంచనా సుమారు 4,75,000 రూపాయలు. సహాయమునకు ఆయన కోరిన అధికారులలోను, పనివారిలోను కొద్దిమందియే మొదట లభించిరి. బర్మాలో నేర్చిన పాఠము ఇచ్చట ఉపకరించెను. ఉన్నవారితోనే మొదలుపెట్టెను. కొండ నుండి నదికి ఇనుపదారి వేసి బండ్లపై రాయి దింపించెను. ఏటి ఎగువ అడవుల నుండి కలప తెప్పలుగా దిగెను. బట్టీలలో సున్నము కాలెను. ఇసుకలో చిన్న బావులు దింపి, నింపి, వానిపై గోడ లేపి, దిగువన రాళ్ల పరుపు పరచిరి. పని ముమ్మరముగా ఉన్న రోజులలో 10,000 మంది వరకు కూలీలు పనిచేసిరి. ఏటిలో నీరు తగ్గిన నెలలే పనికాలము. జూన్ రాగానే నది మేలుకొనును. దండయాత్రకు కాలము చూచుకొన్నట్లే ప్రతి సంవత్సరమును దినములు లెక్కించుకొని పని నడపవలసి వచ్చెను.

ఆ 10,000 మంది పేర్లు ఏ రాతిమీదను లేవు. పేరు మిగిలిన కొద్ది దేశీయులలో వీణెం వీరన్న ముఖ్యుడు. కూలీలకును దొరలకును నడుమ నిలిచి, భాష తెలిసి, పని తెలిసి, నిర్మాణమును నడిపించిన తెలుగువాడు ఆయన. సేనాపతి పేరు చరిత్రకెక్కి సుబేదారు పేరు మరుగుపడుట సైన్యములో పాత అలవాటు. ఇచ్చటను అదియే జరిగినది. గోదావరి మండల విద్యార్థులు కాటన్ పేరుతోపాటు వీరన్న పేరును నేర్చుట న్యాయము.

1848లో కాటన్ ఆరోగ్యము మరల పూర్తిగా చెడెను. పని నడుమ ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. సామాన్యముగా ఒక్కని ఉత్సాహముచే నడచు పనులు ఆ ఒక్కడు కదలగానే చల్లబడును. ధవళేశ్వరములో అట్లు జరుగలేదు. కాప్టెన్ ఓర్ బాధ్యత వహించి రెండేండ్లు పని నడిపెను. పహరాలో ఒకడు దిగినచో వేరొకడు నిలుచును, గస్తీ ఆగదు. పటములు, కొలతలు, పద్ధతులు తన తల యందు దాచుకొనక ఇతరులకు నేర్పియుంచుట కాటన్ చేసిన గొప్ప పనులలో ఒకటి, బహుశః ఆనకట్ట కంటె తక్కువ గొప్పది కాదు. 1850లో ఆయన తిరిగి వచ్చెను; 1852 మార్చి నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. ఆయన శిక్షణలో పనిచేసిన యువకుడైన లెఫ్టినెంటు హేగ్, నేటి కోనసీమ జిల్లాలోని గన్నవరము దగ్గర వైనతేయ పాయపై 49 కమానులతో అక్విడక్టు కట్టి కాలువను ఏటిమీదుగా నడిపించి నగరము లంకకు నీరిచ్చెను. 2000 సంవత్సరమున దానికి బదులుగా వచ్చిన కొత్త కట్టడమునకు, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన ఆ ప్రాంతపు ఇల్లాలు డొక్కా సీతమ్మ పేరుంచిరి. ఓర్ బెజవాడకు పోయి 1855 నాటికి కృష్ణకు ఆనకట్ట కట్టెను. బెంగాలు ఇంజనీరు బెయర్డ్ స్మిత్ వచ్చి ఈ పనులన్నియు చూచి 1856లో గ్రంథము వ్రాసెను.

సైన్యము మేలు మాత్రమే నేర్పెనని చెప్పినచో అది స్తోత్రమగును గాని చరిత్ర కాదు. యుద్ధమున ముందు కోట పట్టుకొందురు, ఖర్చు తరువాత చూచుకొందురు. ఆ తొందర కాటన్ అంచనాలలోను ఉండెను. ఆనకట్ట ఖర్చు మొదటి లెక్కను చాల మించిపోయెను. పైవారు ప్రశ్నించినపుడు ఆయన ఓపికతో జవాబు చెప్పినది తక్కువ. కోపముతో చెప్పినది ఎక్కువ. గోదావరి ఫలితము గొప్పదగుటచే ఆ దోషము కప్పబడెను. కర్నూలులో కప్పబడలేదు. ఆయన ఊహించిన తుంగభద్ర కాలువ పనిని 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టి, సుంకేసుల నుండి కడప వరకు త్రవ్వించెను. అయిన ఖర్చు అంచనాను దాటెను; నీరు పారెను గాని రైతులు పుచ్చుకొనలేదు. అది నల్లరేగడి నేల. వానకు జొన్న, ప్రత్తి పండించుకొను కాపు ఖరీదిచ్చి నీరు కొనుటకు సిద్ధముగా లేడు. డెల్టా కాపు నీటికై ఎదురుచూచినట్లు కర్నూలు కాపును ఎదురుచూచుననుకొనుట పొరపాటు. దళమునకు ఆజ్ఞ ఇచ్చినట్లు రైతునకు ఆజ్ఞ ఇచ్చుటకు వీలులేదు. కంపెనీ దెబ్బతినెను, 1882లో ఆ కాలువను సర్కారు కొనివేసెను. తరువాతి తరములవారు ఆ కాలువ నీటితోనే చేలు పండించుకొనుచున్నారను మాట వేరు.

1860లో ఉద్యోగము చాలించి ఇంగ్లండు చేరినవానికి 1861లో సర్ బిరుదము వచ్చెను. అక్కడను విశ్రాంతి లేదు. గంగా కాలువ తలకట్టు తప్పుచోట ఉన్నదని దానిని కట్టిన కాట్లీతో వాదములాడెను. రైలుదారులకు ధారపోయు ధనములో కొంత కాలువలకు ఇచ్చినచో కరువుల యందు జనులు బ్రతుకుదురని పత్రికలలోను సభలలోను వ్రాసి, చెప్పి, విసుగెత్తించెను. 1876-78 నాటి ఘోర కరువులో దక్షిణ భారతమున లక్షలాది ప్రజలు మరణించిన తరువాత, 1878లో పార్లమెంటు కమిటీ యెదుట 75 ఏండ్ల వృద్ధుడు నిలిచి ప్రశ్నలకు జవాబు చెప్పవలసివచ్చెను. ఆయన అడిగినంత నీరు అన్ని సీమలలో లేదు. పీఠభూమిపై పడవల కాలువ అనుకొన్నంత సులభము కాదు. ఆ విషయములలో ఆయన మాట సాగలేదు. కొన్నిటిలో సాగకుండుటయే మంచిదైనది. కాని కరువునకు మందు ధర్మసత్రము కాదు, పారుదల అను మూలమాటలో ఆయన పొరపడలేదు.

తుదివరకు చదువు మానలేదు. 1876లో అరబ్బీ భాష నేర్చువారికై ఒక చిన్న వాచకము అచ్చువేయించెను. డార్కింగ్ పట్టణమున తన ఇంటి పెరటిలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ విత్తి, ఎంత లోతునకు ఎంత పంట అని కొలుచుచు వ్రాసికొనుచుండెను. 1899 జూలై 24న, 96వ ఏట, ఆ ఊరిలోనే మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను.

ధవళేశ్వరము దగ్గర పాత ఆనకట్టకు బదులు 175 తలుపుల బ్యారేజి 1982లో పూర్తియైనది. దానికి ఆయన పేరే పెట్టిరి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు తీసికొనిపోవు ప్రధాన కాలువలు మాత్రము ఆయన గొలుసు పట్టి కొలిచిన దారులలోనే చాలవరకు ప్రవహించి, సుమారు 10 లక్షల ఎకరములు తడుపుచున్నవి.